సూది జీపుకు ఎడ్లబండి ఇనుము

జీపును పైనుంచి చూసి మెచ్చుకునేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. రంగు చూస్తారు, బానెట్ మీద చెయ్యి వేసి ఫొటో దిగుతారు, అంతే. నేను నా పనికాలమంతా బండ్లను కిందినుంచి చూసినవాణ్ణి. వెల్లకిలా పడుకుని, తుప్పు పొడి రాలకుండా ఒక కన్ను మూసుకుని చూస్తే ఏ బండి సంగతేమిటో తెలిసిపోతుంది. దాన్ని వాడేవాళ్ళ సంగతి కూడా సగం తెలుస్తుంది.

ఇప్పుడు వెల్డింగు నేర్చుకుంటున్న కుర్రవాళ్ళు ఎప్పుడైనా వచ్చి, నేను చేసినవాటిలో పెద్ద పని ఏదని అడుగుతుంటారు. విరిగిన లారీ చాసీలు అతికించాను. బోరు లారీ మీద నిలబడే ఇనుప స్తంభం ఒరిగిపోతే నిలబెట్టాను. వాళ్ళకు అలాంటివి వినాలని ఉంటుంది. నేను మాత్రం ఒక ముసలి జీపు నేల కింద వేసిన అడ్డకమ్మీల గురించి మొదలుపెడతాను. వెంటనే వాళ్ళ మొహాలు వాడిపోతాయి. వాడిపోతే పోనీ, నాకు తెలిసిన పెద్ద పని అదే.

అప్పట్లో కన్నడ సీమ అంచున తెలుగు మాట్లాడే పావగడలో, బస్టాండు వెనక ఒక రేకుల షెడ్డులో పనిచేసేవాణ్ణి. షెడ్డు మా మేస్త్రిది. పొట్టి మనిషి, గట్టి నోరు. వెల్డింగు బాగుంటే ఏమీ అనేవాడు కాదు, బాగోకపోతే మా వంశం మొత్తాన్ని పలకరించేవాడు. ఆయన మెచ్చుకోలు అంటే మౌనమే. అందుకని మేమంతా ఆయన ఎప్పుడు నోరు మూసుకుంటాడా అని ఎదురుచూస్తూ పనిచేసేవాళ్ళం.

ఎనభైల చివరి రోజులవి. వరసగా వానలు మొహం చాటేశాయి. వేరుశెనగ వేసినవాళ్ళకు విత్తనం కూడా తిరిగి రాలేదు. కాయ పీకితే లోపల పప్పు లేదు, ఉత్త డొల్ల. జనం ఎద్దులను సంతకు తోలి అమ్ముకున్నారు. మేత లేక అమ్ముకున్నవాళ్ళు కొందరు, కళ్ళముందు చావడం చూడలేక అమ్ముకున్నవాళ్ళు కొందరు. తెల్లారితే బెంగళూరు బస్సుల పైకప్పుల మీద గంపలు, చాపలు, మనుషులు. అలాంటి కాలంలో ఆరోగ్య కేంద్రం జీపు ఒకటి మా షెడ్డుకు వచ్చింది.

దాన్ని పల్లెల్లో అందరూ సూది జీపు అనేవారు. పసిపిల్లలకు సూదులు, పోలియో చుక్కలు వేయడానికి ఒక నర్సమ్మ అందులో ఊరూరా తిరిగేది. నడివయసు మనిషి, సన్నగా, ఎండకు నల్లబడిపోయి ఉండేది. ఆమె దిగగానే నన్ను పిలిచింది.

"తమ్ముడూ, కాలు పెడితే నేల మెత్తగా తగులుతాండాదప్పా. దీనికేమన్నా రోగమొచ్చిందేమో చూడు" అంది.

నేను నవ్వుకుంటూ కిందికి దూరాను. నవ్వు అక్కడే ఆగిపోయింది. జీపులో మనుషులు కూర్చునే పెట్టె వేరు, దాన్ని మోసే చాసీ వేరు. పెట్టె నేలకు వేసే రేకు పలచన, దానికదే ఎవరినీ మోయలేదు. దాని కింద అడ్డంగా ఇనుప కమ్మీలు ఉంటాయి. కూర్చున్నవాళ్ళ బరువంతా వాటి మీదే పడుతుంది. స్క్రూడ్రైవరుతో ఆ కమ్మీని ఒకసారి పొడిచాను. అది ఇవతలినుంచి అవతలికి దిగిపోయింది. చేత్తో తడిమితే ఇనుము ఉల్లిపొట్టులాగా పొరలు పొరలుగా రాలింది. వెనక భాగంలో కమ్మీ ఉండాల్సిన చోట గట్టిపడిన మట్టి తప్ప ఏమీ లేదు. ఇన్నాళ్ళూ ఈమె మట్టి మీద కూర్చుని పల్లెలు తిరిగింది.

తుప్పు పట్టాలంటే తడి కావాలి. ఆకాశం చుక్క రాల్చని ఊళ్ళలో తిరిగే జీపుకు ఇంత తుప్పు ఎక్కడిది? అదీ ముందువైపు లేదు, నర్సమ్మ కూర్చునే చోట, ఆమె వెనక మాత్రమే. నాకు ఒళ్ళు మండి డ్రైవరు మీద ఎగిరాను. రోజూ బండిని కడిగి మురిసిపోతున్నావా అని అడిగాను.

డ్రైవరు నన్ను ఎగాదిగా చూశాడు. "కడిగేదానికి నీళ్ళు యాడుండాయన్నా? నేను మొగం కడుక్కునే మూడు దినాలాయ" అన్నాడు.

మా మేస్త్రి జీపు వెనక ఎక్కి, మందుల పెట్టెను పక్కకు జరిపాడు. దాని కింద మడతలు పెట్టిన గోనెసంచులు. ఎత్తి పిండితే నీళ్ళు కారాయి. పెట్టె చుట్టూ కూడా తడి గోనె చుట్టి ఉంది. అప్పుడు నర్సమ్మ చెప్పింది. పోలియో మందుకు ఎండ తగలకూడదు. పెట్టెలో వేసిన ఐసు మధ్యాహ్నానికే కరిగిపోతుంది. అందుకని కూజాకు తడిగుడ్డ చుట్టినట్టు ఆమె పెట్టెకు గోనె చుట్టి తడుపుతూ ఉంటుంది.

"గోనె తడిపి తడిపి బండిని చంపినావు కదమ్మా!" అన్నాను. నా కోపమంతా ఇనుము తరఫునే.

"ఐసు కరిగితే మందు చస్తాదప్పా. చచ్చిన మందు బిడ్డ నోట్లో పొయ్యమంటావా? బండిదేముండాది, నువ్వుండావు కదా బాగుచేసేదానికి" అంది ఆమె, ఏ మాత్రం తడుముకోకుండా.

"ఇంత నీళ్ళు యాడ దొరుకుతాయి సిస్టరమ్మా?" అని మేస్త్రి అడిగాడు.

దానికి డ్రైవరే జవాబు చెప్పాడు. ఊళ్ళోకి పోగానే ఆడవాళ్ళు ఎవరి బిందెలోంచి వాళ్ళు తలా ఒక చెంబు తెచ్చి గోనె మీద పోస్తారట. "సూదికి నీళ్ళు" అంటారట దాన్ని. మీలో ఆ కాలం చూడనివాళ్ళకు ఇది మామూలు మాటలాగా వినిపిస్తుంది. ఒక్క బోరు దగ్గర ఊరంతా బిందెలు వరసలో పెట్టి, ఆ వరస కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్న ఏడాది అది. ఇంటికి తెచ్చుకున్న బిందెలోంచి ఒక చెంబు తీసి గోనె మీద పోయడమంటే ఇంట్లో ఎవరో ఒకరు ఆ పూట గొంతు తడుపుకోకుండా ఉండడమే. అవి ఒట్టి ఉప్పు నీళ్ళు, అందుకే ఇనుమును అంత త్వరగా తినేశాయి. నాకు తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. ఆ తడి గోనెను మళ్ళీ మడతపెట్టి, ఉన్నచోటే పెట్టాను.

తర్వాత అసలు కష్టం బయటపడింది. ఆ జీపు అప్పటికే పనికిరానివాటి జాబితాలో చేరిపోయింది. అలాంటి బండికి కొత్త ఇనుము మంజూరు చేయరు. వచ్చే సోమవారం జిల్లానుంచి ఇంజనీరు వస్తున్నాడు. నేల గట్టిగా ఉంటే జీపు ఉంటుంది, లేకపోతే వేలానికి పోతుంది. పోతే ఆ ఏడు మళ్ళీ బండి ఇచ్చే దిక్కు లేదని నర్సమ్మకు పైవాళ్ళు ముందే చెప్పేశారు. వెంకటమ్మనహళ్లి, మంగళవాడ, వాటికి అవతల బస్సు ఎరగని పల్లెలు, అన్నిటికీ చుక్కలు ఆగిపోతాయి.

మేస్త్రి తల గోక్కున్నాడు. మామూలుగా అయితే పాత ఇనుము సామాన్ల కొట్లో ఏదో ఒకటి దొరికేది. ఆ ఏడు ఎండిన బావుల పైపులు, మోటార్ల ముక్కలు సహా జనం అన్నీ అమ్ముకుంటే, కొట్లవాళ్ళు లారీలకెత్తి బెంగళూరుకు పంపేశారు. మా షెడ్డులో మిగిలింది రేకు ముక్కలు, అవీ అడ్డకమ్మీలకు పనికిరావు. పాత కమ్మీలన్నీ పీకేసి జీపును దిమ్మెల మీద కూర్చోబెట్టి, ఇనుము లేక చేతులు ముడుచుకుని కూర్చున్నాం.

అప్పుడే ఒక అవ్వ షెడ్డు ముందు నిలబడింది. మంగళవాడ దగ్గర పల్లె అట. సూది జీపు ఎందుకు రాలేదో కనుక్కుందామని ఆరోగ్య కేంద్రానికి పోతే ఇక్కడికి పంపారట. నేల లేకుండా ఎముకలు బయటపడిన జీపును చూసి ఆమె నోటిమీద చెయ్యి వేసుకుంది.

"ఏంది నాయనా, దీన్ని కోసేసినారా?"

"కోసింది బాగుచేసేదానికే అవ్వా. ఏసేదానికి ఇనుము ల్యా" అన్నాడు మేస్త్రి.

"ఎట్లాంటి ఇనుము?"

"ఎట్లాంటిదైనా సరే, ఇంత వెడల్పు, ఇంత మందం ఉండల్ల" అంటూ ఆయన వేళ్ళతో చూపించాడు. ఆమె ఆ వేళ్ళ మధ్య సందును తన వేళ్ళతో కొలుచుకుని వెళ్ళిపోయింది. ముసలామెకు చెప్పి లాభమేమిటని నేను మేస్త్రిని ఎగతాళి చేశాను.

మరునాడు మంగళవాడ వైపునుంచి వచ్చే ప్రైవేటు బస్సు బస్టాండులో ఆగింది. పైకప్పు మీద రెండు పెద్ద ఇనుప చక్రాల్లాంటివి తాళ్ళతో కట్టి ఉన్నాయి. క్లీనరు వాటిని దించితే, బస్సులోంచి దిగిన అవ్వ ఒకదాన్ని తానే దొర్లించుకుంటూ షెడ్డువైపు వచ్చింది. రెండోదాన్ని క్లీనరు దొర్లించాడు. అవి ఎడ్లబండి చక్రాలకు చుట్టూ బిగించే ఇనుప పట్టాలు. లోపల చెక్క లేదు.

"చక్రాలేమైనాయి అవ్వా?" అన్నాను.

"పగలగొట్టించినా. పట్టా ఊరికే వస్తాదా?"

మేస్త్రి మొహం మారిపోయింది. ఆయనా సేద్యగాళ్ళ ఇంట పుట్టినవాడే. ఎద్దులను అమ్ముకున్నా ఇంటిముందు బండి ఉందంటే, ఎప్పుడో వాన పడుతుంది, ఎద్దులు వస్తాయి అని అర్థం. చక్రాలు పగలగొట్టుకుంటే ఇక ఆ ఇంట్లో సేద్యం లేదని నలుగురికీ చెప్పుకున్నట్టే.

"రేపు వాన పడితే ఏం చేస్తావమ్మా? నేను తీసుకోను, తీస్కపో" అన్నాడు.

"వానొస్తే అప్పుడు చూసుకుందాంలేప్పా. వచ్చేది నిజమైతే కదా."

"నీకేమిటికమ్మా ఇంత?"

"మా ఊరికి రావల్ల కదా బండి" అని మాత్రం అంది. అంతకుమించి ఏమి అడిగినా చెప్పలేదు. మంచినీళ్ళు ఇస్తే సగం తాగి, మిగిలినవి పారబోయకుండా లోటా మాకే ఇచ్చి వెళ్ళిపోయింది. నేను ముందురోజు చేసిన ఎగతాళి గుర్తొచ్చి మేస్త్రి వైపు చూడలేకపోయాను. ఆయన కూడా నా వైపు చూడలేదు.

పట్టాలను ముక్కలుగా కోసి, సాపు చేయడానికి సంత వీధి కమ్మరి దగ్గరికి తీసుకుపోయాం. నాగటి కర్రులు, కొడవళ్ళు చేయడంలో చెయ్యి తిరిగినవాడు. సేద్యం లేక ఆ ఏడు ఆయన కొలిమి చల్లబడిపోయి ఉంది. పని దొరికిన సంతోషంలో మొదటి ముక్కను ఎర్రగా కాల్చి, సాపుగా కొట్టి, అలవాటు కొద్దీ కర్రును ముంచినట్టు దాన్ని తొట్టి నీళ్ళలో ముంచేశాడు. చుయ్యిమంది. మరునిమిషం దాగలి మీద పెట్టి ఒక దెబ్బ వేస్తే టప్పుమని చీలింది. కర్రు నేలను చీల్చాలి కాబట్టి గట్టిపడాలి. జీపు కింద కమ్మీ మాత్రం కాస్త వంగుతూ బరువు మోయాలి, గట్టిపడితే పగులుతుంది. ఆయన చేతిలోని సమ్మెట కింద పెట్టేశాడు.

"కర్రు అనుకోని ముంచేసినా అన్నా. ఇన్నేండ్ల చెయ్యి, వినలా" అన్నాడు. మొహం చూస్తే ఏడ్చేటట్టున్నాడు.

మేస్త్రి తిడతాడేమోనని నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన తిట్టలేదు. మళ్ళీ కాల్చి, ఇసకలో పాతిపెట్టి తీరిగ్గా చల్లారనిమ్మన్నాడు. చీలిన చోట నేను అతుకు వేస్తానన్నాను. మిగిలిన ముక్కలన్నిటినీ కమ్మరి ఇసకలోనే చల్లార్చాడు. ఒక్కొక్కదాన్నీ పసిబిడ్డను పడుకోబెట్టినట్టు మెల్లగా పెట్టాడు.

కరెంటు ఉన్నప్పుడల్లా నేను వెల్డింగు చేశాను. ఒక ముక్కను పడుకోబెట్టి, ఇంకొకదాన్ని దాని మీద నిలువుగా నిలబెట్టి అతికించి కమ్మీలు తయారుచేశాను. ఎన్నో ఏళ్ళు బండ్ల కింద రాళ్ళను, ఎండిన వంకలను తొక్కిన ఇనుము అది. గీకితే లోపల వెండిలా మెరిసింది. అంత మంచి ఇనుము నేను కొత్త సరుకులో కూడా చూడలేదు. పని చేస్తున్నంతసేపూ ఎవరో నా పక్కనే నిలబడి చూస్తున్నట్టుండి, నా చెయ్యి ఎప్పుడూ లేనంత కుదురుగా కదిలింది. మేస్త్రి వచ్చి అతుకులు చూసి నోరు మూసుకున్నాడు. మామూలుగా అయితే ఆ మౌనానికి పొంగిపోయేవాణ్ణి. ఆ రోజు అదేమీ అనిపించలేదు. నర్సమ్మ పెట్టె కింద పెట్టుకోవడానికి ఒక రేకు పళ్ళెం చేసి, నీళ్ళు బయటికి పోయేలా గొట్టం పెట్టాను. గోనె తడపడం ఆమె మానదని నాకు అర్థమైపోయింది.

సోమవారం ఇంజనీరు వచ్చాడు. తెల్ల చొక్కా, నల్లద్దాలు, కన్నడంలో మొదలుపెట్టి తెలుగులోకి జారే మాట. మేము వేసిన రంగు వైపు కన్నెత్తి చూడలేదు.

"రంగు చూసి సంతకం పెట్టేవాణ్ణి కాదు నేను. లోడు వేయండి" అన్నాడు.

లోడు పరీక్షకు మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. వేరుశెనగ మూటలు ఎత్తేవాళ్ళం, వెల్డింగు చేసినవాడు బండి కింద పడుకోవాలి. మేస్త్రి పెట్టిన నియమం అది. తన అతుకు మీద తనకే నమ్మకం లేనివాడి బండి ఎవరూ ఎక్కకూడదనేవాడు. నేను పడుకోవడానికి సిద్ధమయ్యాను. మూటల కోసం మండీకి పోయిన డ్రైవరు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. మండీలో ఒక్క మూట లేదు, ఎలుకలు కూడా వలసపోయాయన్నాడు. వేరుశెనగకు పేరు పడ్డ ఊళ్ళో పరీక్షకు పెట్టడానికి నాలుగు మూటలు దొరకలేదు.

ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. బరువు లేకుండా పరీక్ష లేదు, పరీక్ష లేకుండా జీపు వేలానికి పోవలసిందే. నర్సమ్మ జీపు తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

ఆ రోజు సంత. సూది జీపు గతి తేలుతుందని తెలిసి పల్లెలనుంచి వచ్చినవాళ్ళు చాలామంది షెడ్డు చుట్టూ మూగి ఉన్నారు. వాళ్ళలోంచి ఎవరో, "మూటలేమిటికి సార్, మనుషులుండాం కదా" అన్నారు. ఇంకెవరో, "మూటకన్నా తక్కువుండాములే, ఇంకో ఇద్దర్ని ఎక్కువ ఎక్కించుకో" అన్నారు. ఆ కరువులో అందరూ నవ్వారు. ఇంజనీరు కూడా నవ్వు ఆపుకోలేక, సరే ఎక్కమన్నాడు.

నేను జీపు కింద పడుకున్నాను. కాసేపటికి నా పక్కన ఏదో కదిలింది. చూస్తే ఇంజనీరు. నల్లద్దాలు జేబులో పెట్టుకుని, తెల్ల చొక్కాతో మట్టిలో వెల్లకిలా పడుకున్నాడు.

"మీకెందుకు సార్?" అన్నాను.

"నా సంతకం కదా" అన్నాడు. తర్వాత కమ్మీల మీద టార్చి వేసి, "ఇదేను? ఏమిటిది? ఈ ఇనుము ఎక్కడిది?" అని అడిగాడు. ఒక అవ్వ తన బండి చక్రాలు పగలగొట్టి ఇచ్చిందని చెప్పాను. ఆయన టార్చిని ఒక్కొక్క అతుకు మీదా మెల్లగా నడిపించాడు.

కింద పడుకుంటే మనుషులు కనిపించరు, పాదాలే కనిపిస్తాయి. పగిలిన మడమలు, అరిగిన చెప్పులు, ఉత్త కాళ్ళు. అవి ఒక్కొక్క జతా నేలనుంచి లేచి పైకి పోతున్నాయి. ఒక్కొక్కరు ఎక్కినప్పుడల్లా మా మొహాల మీద నేల రేకు కిర్రుమంటోంది. కమ్మీలు రవ్వంత వంగి నిలబడుతున్నాయి. కమ్మరి చేతిలో చీలిన ముక్క అతుకు మీదనుంచి నేను చూపు తిప్పలేదు. అది కూడా నిలబడింది. ఇంకా ఎక్కుతూనే ఉన్నారు. వాన లేదు, పంట లేదు, ఎద్దులు లేవు, అయినా ఒక జీపు బతకాలని వాళ్ళు తమ ఒళ్ళనే బరువుగా పెడుతున్నారు.

చివరికి నేల మీద రెండు జతల పాదాలు మిగిలాయి. ఒక జత అవ్వవి. మేస్త్రి ఆమెతో మాట్లాడుతుంటే గొంతు గుర్తుపట్టాను. ఆమె పక్కన చిన్నపిల్ల పాదాలు. ఒక పాదం నేలకు ఆని ఉంది. రెండోది పుల్లలాగా సన్నబడి, లోపలికి తిరిగిపోయి, వేళ్ళ కొస మాత్రమే మట్టిని తాకుతోంది. పోలియో కాలు. నా పక్కన ఇంజనీరు టార్చి ఆర్పేశాడు.

"నువ్వెక్కల్లేదులేమ్మా, ఇంక చాలు" అంటున్నాడు మేస్త్రి.

"నేనెక్కను. నా మనవరాల్ని ఎక్కించుకో" అంది అవ్వ.

ఆ సన్నకాలు గాలిలోకి లేచింది, వెనకే రెండోది. పిల్ల పైన నిలబడినప్పుడు కమ్మీలకు తెలియను కూడా తెలియలేదు. అవ్వ నడుం వంచి, జీపు కిందికి తొంగిచూసింది.

"ఏమప్పా, తట్టుకుంటాండాదా?"

నన్నే అడిగింది. ఇంజనీరే జవాబిచ్చాడు. "తట్టుకుంటుందమ్మా. చాలా బాగా తట్టుకుంటుంది."

"అట్లయితే ఇంగ దీన్ని ఆపొద్దండి నాయనా. ఈ పిల్లకు చుక్కలెయ్యాల్సిన ఏడు బండి చెడిపోయిందని రాలా" అంది. ఎవరినీ నిందిస్తున్నట్టు కాదు, పక్కింటివాళ్ళతో చెప్పినట్టు చెప్పింది.

ఇంజనీరు బయటికి జరిగి, చొక్కాకు అంటిన మట్టి దులుపుకోకుండానే పెన్ను తీశాడు. నర్సమ్మ ఒక్కసారిగా ఏడవడం వినిపించింది. జీపు ఎక్కిన సంబరంలో ఆ పిల్ల పైన రేకు మీద కాళ్ళతో కొడుతోంది. ఒక చప్పుడు గట్టిగా, ఒకటి మెత్తగా. అది వింటూ అక్కడే పడుకున్నాను.